ప్రోగ్రాం ముందు ఇంజెక్షన్‌తో గొంతు లేపుతున్నారా?

ప్రశ్న: నా వయసు 46. దేవరకొండ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. రాత్రిపూట భజనలు, పెళ్లిళ్లలో పాటల ప్రోగ్రాంలు చేస్తుంటాను. మూడు నెలలుగా గొంతు బొంగురుపోయింది, పైస్థాయి అందడం లేదు. కరక్కాయ, అతిమధురం, వేడినీళ్లు అన్నీ అయ్యాయి. ప్రోగ్రాం ఉన్న రోజు మా ఊరి ఆర్‌ఎంపీతో ఇంజెక్షన్ వేయించుకుంటే రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. యూట్యూబ్‌లో చూసి వోకల్ ఎక్సర్‌సైజులు చేస్తున్నాను. హైదరాబాద్‌లో మంచి కోచింగ్‌లో చేరితే పాత గొంతు వస్తుందా? ఎన్ని నెలలు పడుతుంది? సిగరెట్ అలవాటు లేదు, జర్దా పాన్ మాత్రం అప్పుడప్పుడు వేస్తాను.
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: కోచింగ్ గురించి చివర్లో చెప్తాను. మూడు నెలలు, ఇంజెక్షన్, జర్దా. ఈ మూడూ ఒకే ఉత్తరంలో కనిపిస్తే ఏ ఈఎన్‌టీ డాక్టరూ ముందు పాట గురించి ఆలోచించడు.

జలుబుతో పోయిన గొంతు మామూలుగా వారం, రెండు వారాల్లో తిరిగి వస్తుంది. నాలుగు వారాలు దాటినా రాకపోతే స్వరపేటికను కెమెరాతో చూడాల్సిందే. పొగాకు అలవాటున్నవారిని ఆ నాలుగు వారాలు కూడా ఆగొద్దంటాం. మీరు మూడు నెలలు ఆగారు. ఇక ‘అప్పుడప్పుడు’ అనే మాట ఓపీలో రోజూ వింటాను, గట్టిగా అడిగితే రోజుకు నాలుగైదు పాన్‌లు అని తేలుతుంది. మీ లెక్క మీకే తెలుసు.

ఇంజెక్షన్ పేరు మీరు రాయలేదు. రెండు రోజులు గొంతు లేచి మళ్లీ పడిపోతోందంటే అది డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కావచ్చని నా అనుమానం. మగవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడే స్వరపేటికలో గొంతు పలికించే స్వరతంత్రులు సెకనుకు 100 నుంచి 120 సార్లు ఒకదానికొకటి తాకుతాయి. పైస్థాయిలో పాడితే అంతకు రెండు, మూడు రెట్లు. పగలంతా క్లాసులో అరిచి, రాత్రి మైకు ముందు పాడితే అవి వాస్తాయి. వాచినవి సరిగ్గా మూసుకోవు, మధ్యలోంచి గాలి పోతుంది, గొంతు బొంగురుగా వినిపిస్తుంది. స్టెరాయిడ్ ఆ వాపును కొద్దిగంటల్లో దించుతుంది. తంత్రులకు తగిలిన దెబ్బ మాత్రం మానదు. బాగైందనుకుని మీరు మూడు గంటలు పాడతారు. మడమ బెణికినవాడు మత్తు సూది వేయించుకుని కబడ్డీ ఆడినట్టే ఇది. అలా పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి తంత్రిలో రక్తనాళం చిట్లి, పాట మధ్యలోనే గొంతు పూర్తిగా పోయినవాళ్లున్నారు. దీనికి తోడు గొంతు నొప్పి అని బ్రూఫెన్, ఆస్ప్రిన్ లాంటివి మింగితే రక్తస్రావం ముప్పు ఇంకా పెరుగుతుంది.

మేమూ స్టెరాయిడ్ వాడతాం. కానీ తంత్రులను కళ్లతో చూశాక, అవసరమైతేనే, అదీ కొద్దిరోజులకే. చూడకుండా ప్రోగ్రాంకొకటి చొప్పున పొడిపించుకోవడం వేరు. మీకు షుగర్ ఉందో లేదో రాయలేదు. 46 ఏళ్ల వయసులో చాలామందికి అది ఉన్న సంగతే తెలియదు, స్టెరాయిడ్ పడితే ఒక్కసారిగా పెరుగుతుంది. స్వరపేటికకు టీబీ కూడా వస్తుంది, అదే ఉంటే స్టెరాయిడ్ దాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. అన్నింటికన్నా నన్ను భయపెట్టేది, ఆ రెండు రోజుల ఊరట చూసి మీరు పరీక్షను ఇంకో మూడు నెలలు వాయిదా వేయడం. ఇంజెక్షన్లతో పాటు రోజూ మాత్రలు కూడా మింగుతుంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, ఎలా తగ్గించాలో డాక్టరును అడగండి.

ఎండోస్కోపీ అనగానే భయపడక్కర్లేదు. ముక్కులోంచో నోట్లోంచో సన్నటి కెమెరా పంపి చూస్తారు, సాధారణంగా కొద్ది నిమిషాల పని. నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఈఎన్‌టీ ఓపీలో చూపించుకోండి. అక్కడ వీలుకాకపోతే హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. మీలాంటి వారిలో ఎక్కువగా కనిపించేవి నాడ్యూల్స్ (తంత్రుల మీద చిన్న గట్టి బొడిపెలు), పాలిప్ (తంత్రి మీద మెత్తటి కండ), లేదా కడుపులో యాసిడ్ పైకి తన్నడం. ఒక తంత్రి కదలకపోవడం, థైరాయిడ్ తగ్గడం కూడా ఉండవచ్చు. పొగాకు ఉంది కాబట్టి క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. మీకు అదే ఉందని నేను అనడం లేదు. ఉన్నా, తంత్రి మీద మొదలయ్యేది గొంతు మార్పుతో ముందే బయటపడుతుంది, తొలిదశలో పట్టుకుంటే చాలామందికి నయమవుతుంది. ఊపిరి ఆడకపోవడం, ముద్ద దిగకపోవడం, ఉమ్మిలో రక్తం, మెడలో గడ్డ, తగ్గని చెవిపోటు, వీటిలో ఏది ఉన్నా అదేరోజు వెళ్లండి.

కరక్కాయతో పెద్దగా పేచీ లేదు. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, జాగ్రత్త. అయితే మింగినదేదీ స్వరతంత్రులకు నేరుగా తగలదు, అది అన్నవాహిక దారిన పోతుంది. వేడినీళ్లయినా అంతే. ఒంట్లో నీరు చాలినంత ఉంటేనే తంత్రులు తడిగా ఉంటాయి, కాబట్టి రోజంతా కొంచెం కొంచెంగా తాగండి. నేరుగా తగిలేది ఆవిరి. పెళ్లి ప్రోగ్రాం అయ్యాక అర్ధరాత్రి బిర్యానీ తిని వెంటనే పడుకుంటే యాసిడ్ గొంతులోకి వస్తుంది. పొద్దున్నే గొంతు బరువుగా ఉండి, పదే పదే గొంతు సవరించుకుంటుంటే దాన్నే అనుమానించాలి.

ఇప్పుడు మీ ప్రశ్న. వోకల్ కోచ్ ఆరోగ్యంగా ఉన్న గొంతుకు శ్రుతి, ఊపిరి, స్థాయి నేర్పుతాడు. దెబ్బతిన్న గొంతును దారికి తెచ్చేది వాయిస్ థెరపీ, అది స్పీచ్ థెరపిస్టు పని. చేరేముందు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, మొహమాటం వద్దు. వినికిడి, మాట సమస్యల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ అలీ యావర్ జంగ్, దాని సికింద్రాబాద్ ప్రాంతీయ కేంద్రంలో ఈ నిపుణులుంటారు. నాడ్యూల్స్ అయితే చాలామందికి ఆపరేషన్ లేకుండా థెరపీతోనే తగ్గుతాయి, మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు. పాలిప్ అయితే ఆపరేషన్ అవసరం పడవచ్చు, ఆ తర్వాత కూడా థెరపీ ఉంటుంది. అందుకే ఎన్ని నెలలో లోపల చూడకుండా చెప్పలేను. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు వచ్చేలా ‘ఊ’ అనడం లాంటివి థెరపీలో చేయిస్తారు, యూట్యూబ్‌లోనూ ఉంటాయి. కానీ మీరు చేసేది సరిగా ఉందో లేదో వీడియో చెప్పదు. పరీక్ష అయ్యేదాకా ఆ ఎక్సర్‌సైజులు ఆపండి.

అప్పటిదాకా పాట కూడా బంద్. స్కూల్లో చిన్న మైకు అడగండి, లేదా పిల్లలతో పాఠం చదివించండి. గొంతు కాపాడుకుంటున్నానని గుసగుసగా మాట్లాడొద్దు, చాలామందికి దాంతో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. గొంతు సవరించుకోవాలనిపిస్తే గుటకెడు నీళ్లు మింగండి. జర్దా ఈరోజే మానేయండి. తర్వాత మళ్లీ పాడేటప్పుడు హార్మోనియం ఆయనను శ్రుతి తగ్గించమనండి, డీజే బాక్సుల మీద గెలవాలని చూడకండి.

మిమ్మల్ని చూడకుండా, ఉత్తరం మీద ఆధారపడి రాసిన సలహా ఇది. దీన్నే చీటీగా చూపించి మెడికల్ షాపులో మందులు కొనొద్దు. ఓపీకి వచ్చేటప్పుడు ఆర్‌ఎంపీని అడిగి ఆ ఇంజెక్షన్ సీసా, ఇప్పటిదాకా ఎన్ని వేశారో లెక్క రాసి తెచ్చుకోండి. షుగర్, బీపీ పరీక్షలు కూడా ముందే చేయించుకుని వస్తే సమయం కలిసొస్తుంది.