జోక్ వేశాక మాట్లాడటం మానేసిన కొలీగ్: సమాధానం

అన్నా, మీరు జోక్ వేశాక కొలీగ్ మీతో మాట్లాడటం మానేశారని, ఏం చేయాలని అడిగారు. ఆయన్ని బాధపెట్టింది జోక్ కాదు, అందులో వాడిన విషయం. అప్పు సంగతి మీ ఒక్కరికే చెప్పుకున్నారు. మీరేమో ఉగ్గాని బండి దగ్గర అందరి ముందు "మావాడిని బిల్లు అడగొద్దు, వడ్డీలకే చాలట్లేదు" అన్నారు. కర్నూల్లో ఎకసెక్కాలు లేనిదే టీ దిగదు, నిజమే. కానీ ఇది వేరు.

1. "సరదాకే కదా అన్నా" అని మళ్లీ అనొద్దు. తప్పు ఆయన మీదికి నెట్టినట్టు ఉంటుంది.

2. విడిగా సారీ చెప్పినా కరగలేదన్నారు. చాలామంది అక్కడే ఆగిపోతారు. పరువు పోయింది నలుగురిలో, సారీ మాత్రం చాటుగా! ఆ నలుగురూ ఉన్నప్పుడే, ఆయన ఎదుట "ఆ రోజు నేనలా అనకూడదు, తప్పు నాదే" అనండి. అంతే. అప్పు మాట మాత్రం ఎత్తొద్దు, ఎత్తితే మళ్లీ మొదటికే వస్తుంది. వెంటనే టాపిక్ మార్చేయండి.

3. కొన్నాళ్లు ఆయన మీద జోకులు బంద్. అలాగని మిమ్మల్ని మీరే మరీ తక్కువ చేసుకోకండి. సైకాలజిస్ట్ రాడ్ మార్టిన్ బృందం 2003లో హాస్యాన్ని నాలుగు రకాలుగా విడదీసినప్పుడు, ఎదుటివారిని కించపరిచేదాంతో పాటు దీన్నీ చేటు చేసేవాటిలోనే చేర్చింది.

ఆయనే మీ మీద జోక్ వేసేదాకా ఆగండి. ఆ తర్వాత మామూలుగా ఉండొచ్చు.