ఈసీజీ నార్మలే, మరి గుండెకు సీటీ ఎందుకు?

తమ్ముడూ, నిన్న రాత్రి మిర్యాలగూడలో మీ నాన్నకు ఛాతీ నొప్పి వచ్చి, ఈసీజీ, మొదటి ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) పరీక్ష నార్మల్ వచ్చినా డాక్టర్ సీటీ యాంజియో (రక్తనాళంలోకి డై అనే మందు ఎక్కించి గుండె రక్తనాళాలను చూసే స్కాన్) రాశారు, అవసరమా అని అడిగావు కదా. ముందు రెండో ట్రోపోనిన్ చేశారా కనుక్కో. నొప్పి మొదలైన తొలి గంటల్లో అది పెరగకపోవచ్చు, అందుకే కొన్ని గంటలాగి మళ్లీ చూస్తారు. అదీ మామూలుగానే ఉండి, షుగర్, బీపీ వల్ల అనుమానం మిగిలితే సీటీ బాగా పనికొస్తుంది, గుండె రక్తనాళాలు శుభ్రంగా కనిపిస్తే చాలా టెన్షన్ తీరుతుంది. అందరికీ అవసరమని కాదు, బ్రిటన్‌లో 1,748 మందితో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో ముందే సీటీ తీసినా ఏడాదిలో గుండెపోట్లు, మరణాలు తగ్గలేదు. ఈసీజీలోనే గుండెపోటు తేలితే మాత్రం సీటీ కోసం ఆగొద్దు, నేరుగా మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే క్యాథ్ ల్యాబ్‌కే.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు తీసుకెళ్లు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే, ఇదివరకు డై పడక అలర్జీ వచ్చి ఉంటే తప్పకుండా చెప్పు. నాడి వేగం తగ్గడానికి మాత్ర ఇస్తారు. మహబూబ్‌నగర్‌లో మా బాపుకు తీసినప్పుడు డై ఎక్కగానే ఒళ్లంతా వేడెక్కి, మూత్రం పోయినట్టనిపించి భయపడ్డాడు, క్షణాల్లో తగ్గిపోయింది, నాన్నకు ఇది ముందే చెప్పు. ఈలోపు మళ్లీ నొప్పి, చెమటలు వస్తే బండి మీద తీసుకెళ్లకు, 108కి ఫోన్ చెయ్యి.