ఐఆర్ చదివితే అంబాసిడర్ అయిపోతారా?

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు బ్రాడీపేట. బీకాం ఫైనల్ ఇయర్. నాన్నకి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన దగ్గర్నుంచి విదేశీ వార్తలు ఒక్కటీ వదలకుండా చూస్తున్నాను, ఇంటర్నేషనల్ రిలేషన్స్‌లో (ఐఆర్, అంటే అంతర్జాతీయ సంబంధాలు) ఎంఏ చేసి ఫారిన్ సర్వీసుకి వెళ్లాలని ఉంది. నాన్నేమో ‘దానికి ఉద్యోగం ఎవడిస్తాడు, ఎంబీఏ చెయ్’ అంటున్నారు. కన్సల్టెన్సీ వాళ్లు లోన్ పెట్టి లండన్ వెళ్లమంటున్నారు. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ నాన్నగారు అడిగినదాంట్లో తప్పేం లేదమ్మా, ముందు దానికే జవాబు చెప్పుకుందాం. ఇది సర్టిఫికెట్ చేతికి రాగానే కాల్ లెటర్ తెచ్చే చదువు కాదు. ఫారిన్ సర్వీసులో నేరుగా చేరాలంటే యూపీఎస్సీ సివిల్స్ రాయాల్సిందే, దానికి ఏ డిగ్రీ అయినా చాలు, నీ బీకాంతో కూడా రాయొచ్చు. ఎంఏ ఏమైనా అక్కరకొస్తుందా అంటే, వస్తుంది. మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపర్లో అంతర్జాతీయ సంబంధాలు ఉన్నాయి, పొలిటికల్ సైన్స్ అండ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఆప్షనల్‌గా తీసుకుంటే ఆ రెండు పేపర్లు 500 మార్కులు. సర్వీసు రాకపోతే యూజీసీ నెట్ పరీక్ష రాసి లెక్చరర్‌గా వెళ్లొచ్చు, పత్రికలు, ఎన్జీవోలు, పరిశోధన సంస్థలు ఉన్నాయి. కానీ ఖాళీలు తక్కువ, మొదటి రెండు మూడేళ్లు జీతం చూసుకుంటే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఫ్రెండ్స్ ముందు కాస్త దిగులేస్తుంది. ఈ సంగతి తెలిసే దిగు.

ఇంకో మాట, వార్తలు చూడటం వేరు, ఈ సబ్జెక్టు చదవడం వేరు. టీవీ చర్చలో ఎవరిది తప్పో పది నిమిషాల్లో తేల్చేస్తారు. క్లాసులో అడిగేది, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో 15 దేశాలుంటే ఐదింటికే వీటో, అంటే తీర్మానాన్ని ఒక్క ఓటుతో ఆపేసే హక్కు, ఎందుకు అని. 1945లో యుద్ధం గెలిచిన పక్షం రాసుకున్న నియమం అది. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ మీద దాడిని తప్పుపట్టిన తీర్మానాన్ని రష్యా ఆ వీటోతోనే ఆపేసింది, మనం ఓటింగ్‌కి దూరంగా ఉన్నాం, గాజా విషయంలో అమెరికా వాడిందీ అదే వీటో. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు, అయినా టిబెటన్లకీ శ్రీలంక తమిళులకీ చోటిచ్చింది, ఎందుకు? ఇలాంటి వాటి మీద రెండేళ్లు కూర్చోవాలి. మొదటి సెమిస్టర్‌లో రియలిజం, లిబరలిజం అంటూ సిద్ధాంతాలే ఉంటాయి, చాలామందికి నీరసం వచ్చేది అక్కడే.

నీకు మాత్రం ఢిల్లీ పిల్లలకి లేని సౌకర్యం ఒకటుంది, మీ కొట్టు. మన మిర్చి చైనాకి, బంగ్లాదేశ్‌కి, శ్రీలంకకి వెళ్తుంది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది, 2024 ఆగస్టులో బంగ్లాదేశ్‌లో ప్రభుత్వమే కూలిపోయింది. బ్యాంకులో డాలర్లు లేని దేశంలో వ్యాపారి ఎల్సీ (సరుకుకి డబ్బు కడతామని బ్యాంకు ఇచ్చే హామీ) ఎలా తెరుస్తాడో, సరుకు పంపినవాడికి డబ్బు ఎప్పుడొస్తుందో మీ నాన్నగారి పక్కన కూర్చుని యార్డుకొచ్చే ఎగుమతిదారుల్ని అడుగు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పుడు భీమవరం రొయ్యల రైతులకి ఎందుకు నిద్ర పట్టలేదో కూడా ఇదే సబ్జెక్టు. నన్నడిగితే నీ ఎంఏ డిసర్టేషన్‌కి (చివర్లో రాసే పరిశోధన వ్యాసం) విషయం యార్డులోనే దొరుకుతుంది.

లండన్ మాట ఇప్పుడొద్దు. అలాంటి కన్సల్టెన్సీలకి చాలావరకు డబ్బిచ్చేది అక్కడి యూనివర్సిటీలే, కమీషన్ ఎలా పనిచేస్తుందో మీ ఇంట్లో ఒకరు చెప్పాలా! బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు బాధ ఉండదు, కానీ దానికి రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉండాలి, తర్వాత చూసుకోవచ్చు. ప్రస్తుతానికి సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయి. ఢిల్లీ జేఎన్‌యూలోని స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955లో విడి సంస్థగా మొదలైంది, ఫీజు మన ఊళ్లో ఇంటర్ ఫీజుకి ఏ మూలకీ రాదు. కాసరగోడ్‌లో కేరళ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, కోల్‌కతాలో జాదవ్‌పూర్ యూనివర్సిటీ ఉంది, దాని అడ్మిషన్ మాత్రం వేరు. ఈలోగా ఒక విదేశీ భాష మొదలుపెట్టు, ఫ్రెంచో చైనీసో. మిర్చి ఎటు పోతుందో చూసుకుంటే నేను చైనీసే అంటాను.

ప్రశ్న: మా మనవడు బీటెక్ మూడో ఏడాది. రోజంతా యుద్ధాల రీల్సే, అవి చూసి వాడికి టెన్షన్, వాణ్ణి చూసి మాకు టెన్షన్. ఇప్పుడు ఐఆర్ పీజీ చేస్తానంటున్నాడు. ఇంజినీరింగ్ వాళ్లకి సీటిస్తారా?
– ఒక తాతగారు, పటమట, విజయవాడ

జవాబు: ఇస్తారండీ, చాలా చోట్ల ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. కాకపోతే ఇది చదివి రాసే కోర్సు, వారానికో వ్యాసం రాయాల్సి రావచ్చు. ఓ వారం రీల్స్ కట్టేసి, ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీలు ఓడల మీద దాడి చేస్తే అవి ఆఫ్రికా చుట్టూ ఎందుకు తిరగాల్సి వచ్చిందో మ్యాపు పెట్టుకుని రెండు పేజీలు రాయమనండి. రాస్తే దరఖాస్తు పెట్టించండి. రాయకపోతే గేట్ కోచింగ్‌కి ఇంకా టైముంది.