కేబుల్ పెట్టినా కంప్యూటర్‌లో ఫోన్ కనిపించడం లేదా?

ప్రశ్న: కేబుల్ పెడితే ఫోన్ చార్జ్ అవుతోంది కానీ కంప్యూటర్‌లో కనిపించేది కాదు. ఒక వీడియో చూసి, యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం ఫోన్‌లో దాచి ఉంచే డెవలపర్ ఆప్షన్స్‌ అనే సెట్టింగుల్లోకి వెళ్లి, డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్‌ని ఫైల్ ట్రాన్స్‌ఫర్‌కి మార్చాను, యూఎస్‌బీ డీబగ్గింగ్ కూడా ఆన్ చేశాను. ఇప్పుడు పెట్టగానే వస్తోంది. ఇలాగే ఉంచేయొచ్చా?

జవాబు: ఉంచొద్దు. ముందు ఆ రెండూ వెనక్కి మార్చి, తర్వాత మిగతాది చదవండి. ఈ ప్రశ్న రాని వారం లేదు. అందరూ చూస్తున్నది అలాంటి వీడియోలే.

ఆండ్రాయిడ్ 6 వచ్చిన 2015 నుంచీ కేబుల్ పెట్టగానే ఫోన్ చార్జింగ్ మాత్రమే తీసుకుంటుంది. ఫైళ్లు ఇవ్వాలా వద్దా అన్నది మీరు చెప్పాలి. ఇది మంచి పద్ధతి. నాకు కోపం వచ్చేది ఆ చెప్పే చోటు దాచిపెట్టినందుకు. లాక్ తీసి, నోటిఫికేషన్లు కిందికి లాగితే అట్టడుగున ‘యూఎస్‌బీ ద్వారా చార్జ్ అవుతోంది’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని ఒకసారి తడితే విచ్చుకుంటుంది, మళ్లీ తడితే ఫైల్ ట్రాన్స్‌ఫర్ వస్తుంది. ఈ సంగతి మామూలు మనిషికి ఎవరు చెప్పాలి?

ఆ లైనే రాకపోతే కేబుల్ మార్చండి. డేటా కేబుల్‌లో కరెంటుకి రెండు తీగలు, డేటాకి కనీసం రెండు ఉండాలి. ట్రిమ్మర్లతో, చిన్న చిన్న లైట్లతో వచ్చే కేబుళ్లలో చాలావాటికి డేటా తీగలే ఉండవు. పైకి చూస్తే తేడా తెలియదు, ఒక గుర్తయినా వేయరు. మంచి కేబుల్‌తోనూ రాకపోతే డెస్క్‌టాప్ ముందువైపు పోర్టు వదిలేసి వెనక పోర్టులో పెట్టి చూడండి.

ఇక నా అసలు భయం. పోయిన నెల మా వీధి చివర జిరాక్స్ షాపులో నిలబడ్డాను. నా ముందున్నావిడ ఆధార్ ప్రింట్ కోసం ఫోన్ లాక్ తీసి ఇచ్చారు. షాపు కుర్రాడు కేబుల్ గుచ్చగానే ఫోల్డర్లన్నీ తెరుచుకున్నాయి. ఫోన్ ఏమీ అడగలేదు. “మా అబ్బాయి ఏదో సెట్ చేశాడండి, ఊరికే కనెక్ట్ అవుతుంది” అన్నారావిడ. కుర్రాడు ఆధార్ కోసం వెతుకుతుంటే బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఇంటి కాగితాలు, ఆస్పత్రి రిపోర్టులు, పసిబిడ్డ ఫోటోలు ఒక్కొక్కటే పైకి జరిగాయి, క్యూలో ఉన్న మా అందరి కళ్లముందే. దొరికిన ఫైలుని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి ప్రింట్ ఇచ్చాడు. అక్కడ అప్పటికే ఎవరెవరివో ఆధార్‌లు, పాన్ కార్డులు వరసగా పడి ఉన్నాయి. ఆ అబ్బాయిది దురుద్దేశం అనను. కానీ రోజంతా ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు గుచ్చే ఆ కంప్యూటర్‌లో ఏం తిరుగుతోందో అతనికీ తెలియదు.

రిజర్వ్ బ్యాంక్ 2022లో తెచ్చిన ‘బీ అవేర్’ పుస్తకంలో జ్యూస్ జాకింగ్ గురించి, అంటే బయటి చార్జింగ్ పాయింట్ల ద్వారా జరిగే డేటా చోరీ గురించి, హెచ్చరిక ఉంది. రైల్వే స్టేషన్లో చార్జింగ్ పెట్టడానికి భయపడేవాళ్లు కూడా జిరాక్స్ షాపులో లాక్ తీసి మరీ ఫోన్ ఇచ్చేస్తున్నారు!

డీబగ్గింగ్, అంటే కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు ఇచ్చే సదుపాయం, ఇంకా ప్రమాదం. మీరు ఒక్కసారి ‘ఈ కంప్యూటర్‌ని ఎల్లప్పుడూ అనుమతించు’ అని టిక్ పెడితే, తర్వాత ఆ కంప్యూటర్ మీ ఫోన్‌లో యాప్‌లు వేయగలదు, స్క్రీన్ ఫోటో తీయగలదు. ఫోటోలు కాపీ చేసుకోవడానికి దీంతో పనే లేదు. డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ అనుమతులను రద్దు చేసి, డీబగ్గింగ్ ఆపి, డిఫాల్ట్‌ని ‘నో డేటా ట్రాన్స్‌ఫర్’కి మార్చి, ఆ తర్వాత డెవలపర్ ఆప్షన్స్‌నే ఆఫ్ చేయండి. ప్రింట్ కావాలంటే ఆ ఒక్క ఫైలే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లో (నేరుగా ఫోన్‌కి గుచ్చగలిగేది) వేసి తీసుకెళ్లండి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోయే చోట అదే ఇవ్వండి. షాపువాళ్లు కాపీ చేసుకుంటే, మీ ఎదుటే, రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లకుండా, షిఫ్ట్ డిలీట్ కొట్టించి కదలండి.

ప్రశ్న: పెళ్లి ఫోటోలు ఫోన్‌లోంచి కట్ చేసి కంప్యూటర్‌లో పేస్ట్ చేస్తుంటే కేబుల్ ఊడింది. కొన్ని రెండు చోట్లా లేవు. రీసైకిల్ బిన్‌లోనూ లేవు.

జవాబు: కేబుల్ మీద ఫోన్‌లోంచి తీసేసినవి రీసైకిల్ బిన్‌లోకి రావు. వెంటనే ఆ ఫోన్‌తో కొత్త ఫోటోలు, వీడియోలు తీయడం ఆపి, క్లౌడ్ బ్యాకప్‌లో ఉన్నాయేమో చూడండి. ఇకపై కాపీ మాత్రమే చేయండి. కంప్యూటర్‌లో నాలుగైదు తెరిచి చూసుకున్నాకే ఫోన్‌లోవి తీసేయండి.