వియత్నాం వెళ్తూ డాంగ్ కొనాలా, డాలర్లా?

ప్రశ్న: మారతహళ్లిలో ఉంటాం, వచ్చే నెల వియత్నాం, కంబోడియా వెళ్తున్నాం. ఆ దేశాల నోట్లు బెంగళూరులోనే కొనాలా, డాలర్లు పట్టుకెళ్లాలా?

డాలర్లే. యూరో, థాయ్ బాత్ లాంటివైతే ఇక్కడే నేరుగా కొనమనేవాణ్ణి. రూపాయిని డాలర్ చేసి, దాన్ని మళ్లీ బాత్ చేస్తే కమిషన్ రెండుసార్లు పోతుంది. వియత్నాం కరెన్సీ డాంగ్‌కి ఇక్కడ గిరాకీ తక్కువ. ఎం.జి. రోడ్డులో ఎక్కడైనా దొరికినా రేటు గిట్టదు. హనోయిలో దిగాక బ్యాంకులో మార్చుకోండి. అక్కడ కొనుగోళ్లకు డాంగ్‌లే ఇవ్వాలి.

కంబోడియాలో డాలర్లే నేరుగా చెల్లుతాయి కాబట్టి మార్చే పనే పెద్దగా ఉండదు. అంకోర్ వాట్ ఒకరోజు టికెట్టే 37 డాలర్లు. చిల్లర మాత్రం వాళ్ల కరెన్సీ రియల్‌లో చేతిలో పెడతారు.

నోట్లు మాత్రం కొత్తవి అడిగి తీసుకోండి. నా వంద డాలర్ల నోటు మీద ఆవగింజంత సిరా మరక ఉందని అంకోర్ వాట్ పక్క ఊరు సియెమ్ రీప్‌లో ఒకాయన లైటు కింద అటూ ఇటూ తిప్పి వెనక్కిచ్చేశాడు. మన దగ్గర చిరిగిన పది నోటు కూడా చెల్లిపోతుంది కదా, నేను పట్టించుకోలేదు! మార్చడానికి వందల నోట్లయితే రేటు మెరుగు, కంబోడియా ఖర్చులకి ఒకట్లు, అయిదులు ఉంచుకోండి. ఒక్కో ప్రయాణానికి ఒకరు నోట్ల రూపంలో 3,000 డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చు, అంత అవసరం పడదులెండి.

కార్డు గీకినప్పుడు మెషిన్ ‘రూపాయల్లో కట్టాలా?’ అని అడిగితే వద్దనండి. మన లెక్కలో కనిపిస్తుందన్న మాటే గానీ, రేటు ఆ మెషిన్ వాళ్లిష్టం.