అర్ధ రూపాయి వడ్డీ అనుకుని తొంభై పైసలు కట్టాను

"విమాన టికెట్లయినా, కారు లోను అయినా చవగ్గా దొరకాలంటే కిటుకులేమైనా ఉన్నాయా?" అని అడిగారు. టికెట్ల సంగతి చివర్లో చెబుతా. లోను విషయంలో చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి ముందు అదే.

2017 దసరాకి కారు కొన్నాను. 5 లక్షల లోను, అయిదేళ్ల గడువు. నా జీతం పడే బ్యాంకులో 9 శాతానికి ఇస్తామన్నారు. షోరూములో ఫైనాన్స్ చూసే కుర్రాడు నవ్వాడు. "9 ఎందుకు సార్, మా దగ్గర 6 శాతమే, ఫ్లాట్. సంతకం పెట్టండి, పండగనాటికి బండి మీ ఇంటి ముందుంటుంది" అన్నాడు. 'ఫ్లాట్' అన్న మాట ఎంత మెల్లగా అన్నాడో ఇప్పటికీ గుర్తే. 9 కంటే 6 తక్కువని ఒకటో తరగతి పిల్లాడికీ తెలుసు కదా! మా బామ్మర్ది కూడా "భలే పట్టావు బావా" అన్నాడు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, మా ఆవిడ చేతికి అట్టతో చేసిన మూరెడు తాళంచెవి ఇచ్చి ఫొటో తీశారు. ఆ ఫొటో హాల్లోనే ఉంది. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

2019 సంక్రాంతికి అదే కారులో మా మేనమామ ఇంటికి వెళ్లాం. ఆయనది ఎరువుల కొట్టు. అరువులు, ప్రామిసరీ నోట్లు, వడ్డీలు ఆయనకి కొట్టినపిండి. "ఎంత వడ్డీరా?" అన్నాడు. "నూటికి అర్ధ రూపాయి మావయ్యా" అన్నాను గొప్పగా. "నెలనెలా కడుతున్నావుగా, చెల్లు వేస్తున్నారా?" అన్నాడు. నేను నోరు వెళ్లబెట్టాను. రైతు మధ్యలో కొంత కడితే నోటు వెనక చెల్లు రాస్తారు, ఇక మిగిలిన అసలుకే వడ్డీ. "నీకు అయిదేళ్లూ 5 లక్షల మీదే వడ్డీ కట్టేశార్రా, ఫ్లాట్ అంటే అదే. ఆఖరి నెలలో నీ దగ్గర వాళ్ల డబ్బు పదివేల చిల్లర ఉంటుంది. దానికీ 5 లక్షల వడ్డీయేనా?"

అరిసెల పళ్లెం పక్కన క్యాలెండర్ కాగితం తిరగేసి లెక్క వేశాం. ఏడాదికి 30 వేల చొప్పున అయిదేళ్లకి వడ్డీ లక్షన్నర, నెలకి 10,833. అదే బ్యాంకు 9 శాతం తగ్గే బాకీ మీద కాబట్టి నెలకి 10,379తో సరిపోయేది. అంటే మొత్తం మీద 27 వేలు పైగా బొక్క. బ్యాంకు పద్ధతిలో చూస్తే నా 6 శాతం దాదాపు 10.85. నూటికి తొంభై పైసలన్నమాట. బ్యాంకు 9 శాతం, అంటే ముప్పావలా వడ్డీ కాదని దీనికి పోయాను!

ముందే తీర్చేద్దామని లోను ఇచ్చిన సంస్థకి వెళ్తే ఇంకో షాక్. 14 నెలల్లో లక్షన్నర కట్టినా అసలు తీరింది 94 వేలే. మిగిలిన 4 లక్షల 6 వేల మీద 5 శాతం ఛార్జీ, దానిపై జీఎస్‌టీ అన్నారు. నోరు మూసుకుని వచ్చేశాను.

కాబట్టి శాతం గురించి అసలు అడక్కండి. నెలకి ఎంత, ఎన్ని నెలలు, ప్రాసెసింగ్ ఫీజు ఎంత అని అడిగి మీరే గుణించుకోండి. 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి లోన్లన్నిటికీ మొత్తం ఖర్చంతా కలిపిన వార్షిక రేటుతో 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఆ కాగితం చేతికి రాకుండా సంతకం పెట్టొద్దు. ఇన్సూరెన్స్ కూడా షోరూములోనే తీసుకోవాలన్న రూలేం లేదు. ఇక హ్యాండ్లింగ్ ఛార్జీలట! కారుని వాళ్లేమైనా చంకలో ఎత్తుకొచ్చారా?

టికెట్లా? మంగళవారం అర్ధరాత్రి కొంటే చవకన్న మాట నేను నమ్మను. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖకి ఏ వారం కొన్నా వాతే. నలుగురికి కలిపి వెతికే ముందు ఒక్కరికి ఎంతో చూడండి. చవక సీట్లు రెండే మిగిలితే నలుగురికీ పై రేటు వేస్తారు. రద్దు చేసుకుంటే, రీఫండ్ లేని టికెట్టుకైనా పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు వెనక్కి రావాలి, వదలకుండా అడగండి. ఇంతకుమించి నాకు తెలీదు. మా మావయ్య ఇంతవరకూ విమానం ఎక్కలేదు మరి.