పాత బ్లూస్ రికార్డుల్లో గరగర తప్ప ఏమీ వినపడట్లేదా?

1920ల నాటి అమెరికన్ బ్లూస్ (అక్కడి నల్లవాళ్ల పాటలు), ఓల్డ్-టైమ్ జానపద పాటలు విందామని మొదలుపెట్టి చార్లీ పాటన్ అనే బ్లూస్ గాయకుడి దగ్గరే ఆగిపోయానని, పోపులో ఆవాలు చిటపటలాడినట్టుంది తప్ప పాట వినపడట్లేదని, తప్పు మీ చెవులదా రికార్డుదా అని అడిగారు. రికార్డుదే. ఇంకా సూటిగా చెప్పాలంటే ఒక కుర్చీల కంపెనీది.

జోక్ కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో విస్కాన్సిన్ చైర్ కంపెనీ అని ఉండేది. కుర్చీలు చేసేవాళ్లు కాస్తా గ్రామఫోన్ పెట్టెలు చేయడం మొదలుపెట్టారు, పెట్టెలు అమ్ముడుపోవాలంటే రికార్డులు కూడా ఉండాలి కదా అని పారామౌంట్ పేరుతో అవీ మొదలుపెట్టారు (సినిమాల పారామౌంట్‌కీ దీనికీ సంబంధం లేదు). 1920లో మేమీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ విపరీతంగా అమ్ముడుపోయేసరికి, నల్లవాళ్లు కూడా డబ్బులిచ్చి రికార్డులు కొంటారని కంపెనీలన్నిటికీ ఒక్కసారిగా తెలిసొచ్చింది. అందరితో పాటు వీళ్లూ దిగారు. పాటన్, స్కిప్ జేమ్స్, సన్ హౌస్, గీషీ వైలీ లాంటి బ్లూస్ గాయకులు వీళ్లకి పాడారు. కానీ సరుకు మాత్రం నాసిరకం. కొత్త రికార్డుకే గరగర ఉండేది, ఆ పైన కంపెనీ మూతపడ్డాక రికార్డులు అచ్చేయడానికి వాడే లోహపు మాస్టర్ ప్లేట్లు పాత ఇనుము కింద పోయాయి. మనం ఇప్పుడు వింటున్నది ఎవరింట్లోనో ఎన్ని వందల సార్లు తిరిగిందో తెలియని అరిగిపోయిన కాపీల నుంచి ఎక్కించింది.

నేను అదే రాష్ట్రంలోని మిల్వాకీలో మూడేళ్లు పనిచేశాను. ఈ రికార్డులు అచ్చేసిన గ్రాఫ్టన్ అక్కడికి అరగంట దూరం. ఒక ఆదివారం పనిగట్టుకుని వెళ్లాను, నది తప్ప చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. పని పోయిన కోపంతో కార్మికులు రికార్డుల్ని ఆ నదిలోకే విసిరేశారని ఒక కథ ఉంది, డైవర్లను దింపి వెతికినా ఏమీ దొరకలేదట. తిరిగొస్తూ ఒక పాత సామాన్ల షాపులో అట్టడుగున ఒక 78 (నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ కాలపు రికార్డు) దొరికింది, పారామౌంట్ కాదు, ఎవరో ఫిడిల్ వాయించిన ఓల్డ్-టైమ్ డ్యాన్స్ పాట. రెండు డాలర్లు. చేతిలో పట్టుకుంటే పింగాణీ పళ్లెంలా బరువుగా ఉంది.

ఇంటికొచ్చి తర్వాతి కాలపు ప్లాస్టిక్ రికార్డులకి వాడే మామూలు ఎల్పీ ప్లేయర్ మీద పెట్టాను, అంతా హోరు. (78ల గాడి వెడల్పు, ఎల్పీ ముల్లు సన్నం. అది గాడి గోడల్ని తాకకుండా అడుగున ఉన్న దుమ్ములో ఈదుతుంది. 78కి విడిగా లావు ముల్లు దొరుకుతుంది, అది వేస్తే సగం గోల తగ్గిపోతుంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.) దుమ్మే కారణమేమోనని, ల్యాప్‌టాప్ స్క్రీన్ తుడిచే స్పిరిట్ దూదికి పట్టించి శుభ్రంగా, గుండ్రంగా తుడిచాను. దూది నల్లగా వచ్చింది. భలే మురికి పోతోందని ఇంకాస్త గట్టిగా తుడిచాను. పోతున్నది మురికి కాదు, రికార్డే.

ఆ రాత్రి ఫోన్లో మా నాన్నకి చెబితే ఆయన ఒకటే అడిగారు, “అది దేంతో చేస్తారురా?” లక్కతో అన్నాను. “మన బీరువాకి వడ్రంగి లక్కని దేంట్లో కరిగించి పాలిష్ వేశాడో చూశావుగా?” అన్నారు. స్పిరిట్‌లోనే. చూశాను, పక్కనే కూర్చుని మరీ చూశాను.

ఆ రోజుల్లో ఈ రికార్డులకి వాడిన లక్క ఎక్కువగా మన దేశం నుంచే, ఛోటా నాగ్‌పూర్ అడవుల వైపు నుంచి కలకత్తా మీదుగా వెళ్లేది. లక్క, రాతిపొడి లాంటివి కలిపి అచ్చేసేవాళ్లు. 1942లో యుద్ధం వల్ల లక్క సరఫరాకి ఇబ్బంది వచ్చి అమెరికా ప్రభుత్వం వాడకం మీద కోత పెట్టింది, పాత రికార్డుల్ని కూడా తుక్కు కింద సేకరించారు. అలా ఎన్ని మంచి పాటలు పోయాయో.

ఇంక ఎక్కడ మొదలుపెట్టాలంటే, పాటన్‌ని పక్కన పెట్టి మిసిసిపీ జాన్ హర్ట్‌ని వినండి. 1928లో ఓకే అనే కంపెనీకి పాడాడు, రికార్డింగ్ శుభ్రంగా ఉంటుంది, బొటనవేలు తాళం వేస్తుంటే మిగతా వేళ్లు పాట వాయిస్తుంటాయి, గొంతు పెంచడు, వరండాలో కూర్చుని మనతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. రికార్డులు అమ్ముడుపోలేదు, ఆయన మళ్లీ పొలం పనికి వెళ్లిపోయాడు. ఒక పాటలో మాత్రం తన ఊరి పేరు అవలాన్ అని చెప్పుకున్నాడు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే కుర్రాడు ఆ ఒక్క ముక్క పట్టుకుని, పాత అట్లాస్‌లో ఆ ఊరు వెతుక్కుని వెళితే, డెబ్బై ఏళ్ల హర్ట్ అక్కడే ఉన్నాడు! అదే ఏడు న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో పాడాడు.

తర్వాత కార్టర్ ఫ్యామిలీ అనే తెల్లవాళ్ల కుటుంబ బృందం. 1927 ఆగస్టులో టెనెసీలోని బ్రిస్టల్‌లో రాల్ఫ్ పియర్ అనే రికార్డుల నిర్మాత రికార్డ్ చేసిన పాటలు. కంపెనీలు నల్లవాళ్లవి ‘రేస్ రికార్డులు’ అని, తెల్లవాళ్లవి ‘ఓల్డ్-టైమ్’ అని వేర్వేరు క్యాటలాగుల్లో అమ్మేవి. పాటలకి ఆ గోడ లేదు. ఏ.పీ. కార్టర్ పాటలు సేకరించడానికి ఊళ్లు తిరిగితే వెంట వెళ్లి బాణీలు గుర్తుపెట్టుకొచ్చింది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. అందుకే రెండూ కలిపే వినమంటాను, బ్లూస్ ఒక్కటే వింటే సగమే తెలుస్తుంది.

ఆపైన బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే అంధ గాయకుడు. 1927లో డల్లాస్‌లో మాటల్లేకుండా మూలుగుతూ, గిటార్ తీగల మీద స్లయిడ్ జారిస్తూ చేసిన ఒక రికార్డింగ్‌ని 1977లో వాయేజర్ అనే వ్యోమనౌకలో, ఒక డిస్కు మీద ఎక్కించి అంతరిక్షంలోకి పంపారు. అదే డిస్కులో మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగం కూడా ఉంది. ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి విని చూడండి, రాత్రిపూట అయితే ఇంకా మంచిది.

గరగర పూర్తిగా తీసేశామని చెప్పే వెర్షన్లు మాత్రం నాకు నచ్చవు, గోలతో పాటు తీగ మీద వేలి చప్పుడు కూడా పోతుంది. పాటన్ దగ్గరికి ఓ రెండు నెలలాగి రండి. నాకు నాలుగోసారికి ఆయన గిటార్ చెక్కని కొడుతున్న దెబ్బ వినిపించింది. మాటలు ఇప్పటికీ సగమే అర్థమవుతాయి.